ఇస్కీమిక్ ప్రీకండిషనింగ్‌ని తెలుగులో ఏమందాం?

ప్రశ్న: ఇంటర్ పిల్లల కోసం గుండె మీద తెలుగులో ఒక పాఠం రాస్తున్నాను. గుండె కండకు కాసేపు రక్తం ఆగి మళ్లీ అందితే, ఆ తర్వాత వచ్చే పెద్ద కొరతను అది బాగా తట్టుకుంటుంది. దీన్నే ఇస్కీమిక్ ప్రీకండిషనింగ్ అంటారు. ‘పూర్వానుకూలనం’ అని రాస్తే పిల్లలకు ఏమీ అందదు. మంచి మాట ఉంటే చెప్పండి.

జవాబు: ‘రాటుదేలడం’ ఉంది కదండీ! దెబ్బలు తిని తిని గట్టిపడటమేగా.

జవాబు: మాట చక్కగానే ఉంది, కానీ ఇక్కడ వాడొద్దని నా మనవి. రాటుదేలినవాడు ఇక ఎప్పటికీ రాటుదేలినవాడే. గుండెకు దొరికే ఈ రక్షణ కొన్ని గంటలదో, మహా అయితే రెండు మూడు రోజులదో.

1986లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో చార్లెస్ మరీ, జెన్నింగ్స్, రైమర్ అనే పరిశోధకులు కుక్కల మీద చేసిన ప్రయోగంతో ఈ సంగతి బయటపడింది. గుండెకు రక్తం తెచ్చే ఒక ధమనిని 5 నిమిషాలు మూశారు, 5 నిమిషాలు వదిలారు. ఇలా నాలుగుసార్లు. ఆ తర్వాత అదే ధమనిని 40 నిమిషాలు మూశారు. నేరుగా 40 నిమిషాలు మూసిన కుక్కలతో పోలిస్తే వీటిలో చచ్చిపోయిన కండ నాలుగో వంతే. అప్పటిదాకా, చిన్న కొరతలు ఒకదాని మీద ఒకటి పడితే నష్టం పెరుగుతుందనే అనుకునేవారు. అయితే మూసిన సమయాన్ని 3 గంటలకు పెంచితే ఈ మేలు కనబడలేదు. అంటే కణం చావు ఆలస్యమవుతుందే గాని తప్పిపోదు. ఈ సంగతి పాఠంలో తప్పకుండా ఉండాలి.

అందుకే నా ఓటు ‘దిటవు’కి. ‘గుండె దిటవు చేసుకో’ అని ఎప్పుడంటాం? చెడ్డ కబురు చెప్పబోయే ముందు. రాబోయేదాన్ని తట్టుకోవడానికి, ఆ కాసేపటికి తెచ్చుకునే బలం అది. గుండె కండలో జరిగేదీ అదే. రక్తం తగ్గగానే కణాల నుంచి అడినోసిన్ అనే పదార్థం బయటికొస్తుంది. అది కణం పైన, బయటి కబురు అందుకునే గ్రాహకాలకు అంటుకుని, లోపల ప్రోటీన్ కైనేజ్ సి లాంటి ఎంజైములను మేల్కొలుపుతుంది. ఆ కబురు కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా దాకా వెళ్తుంది. తర్వాతి కొరతలో కణం తన శక్తి సరుకైన ఏటీపీని నిదానంగా ఖర్చుపెడుతుంది. రక్తం తిరిగి వచ్చేటప్పుడు మైటోకాండ్రియా పొరలో తెరుచుకునే ప్రమాదకరమైన రంధ్రం కూడా అంత తేలిగ్గా తెరుచుకోదు.

ఇంతా ఎందుకంటే గుండె దగ్గర మిగులు తక్కువ. విశ్రాంతిలో ఉన్నప్పుడే తనకు వచ్చే రక్తంలోని ఆక్సిజన్‌లో దాదాపు 70 శాతం లాగేసుకుంటుంది. ఇంకా కావాలంటే రక్తమే ఎక్కువ రావాలి. దారి మూసుకుపోతే కొద్ది క్షణాల్లోనే కండ పట్టు తగ్గుతుంది.

‘గుండె రాయి చేసుకోవడం’ కూడా ఇక్కడ పనికిరాదు. వైద్యంలో నిజంగానే ‘స్టోన్ హార్ట్’ అని ఒకటుంది. సర్జన్ డెంటన్ కూలీ 1972లో ఆ పేరుతో రాశారు. ఆపరేషన్‌లో రక్తం అందని గుండె బిగుసుకుపోయి మళ్లీ వదులు కాదు. కండ ముడుచుకోవడానికే కాదు, వదులవడానికీ ఏటీపీ కావాలి. అది అయిపోతే గుండె బిగుసుకునే ఉండిపోతుంది. మనం ధైర్యం చెప్పడానికి వాడే మాట, అక్కడ అన్నిటికన్నా భయపడే స్థితికి పేరైంది.

ప్రశ్న అడిగినవారు: దిటవు బాగుంది మాస్టారూ. మరి ఈ రక్షణ రెండు విడతలుగా ఉంటుందంటారు కదా?

జవాబు: ‘తొలి దిటవు’, ‘మలి దిటవు’ అనండి. తొలిది ఒకటి రెండు గంటల్లో పోతుంది. దాదాపు 24 గంటల తర్వాత మలిది వస్తుంది, మూడు రోజుల దాకా ఉండొచ్చు. ఈలోగా కణం కొత్త రక్షక ప్రోటీన్లు తయారుచేసుకుంటుంది కాబట్టే ఆ ఆలస్యం.

రాటుదేలడం అన్నవారు: అర్థమైందండీ. బీపీ పట్టీతో చేయి బిగించినా గుండెకు ఇలాంటి రక్షణే వస్తుందని చదివాను. దాన్నేమంటారు?

జవాబు: ‘దూరపు దిటవు’ అనొచ్చు. కానీ పిల్లలకు దాన్ని వైద్యంగా చెప్పొద్దు. జంతువుల్లో బాగా పనిచేసింది. 2015లో గుండె ఆపరేషన్ల మీద వచ్చిన రెండు పెద్ద పరీక్షల్లోనూ, 2019లో 5,000 మందికి పైగా గుండెపోటు రోగుల మీద వచ్చిన పరీక్షలోనూ రోగులకు మేలు తేలలేదు.

రాటుదేలడం అంటే నాకు భయం ఇందుకు కూడా. ఛాతీ నొప్పి వచ్చి పోతుంటే, ‘నా గుండె రాటుదేలిందిలే’ అనుకునేవాళ్లు మన ఇళ్లలో ఉంటారు. అలా వచ్చి పోయే నొప్పి, ధమని మూసుకుపోబోతోందనడానికి గుర్తు కావచ్చు. పాఠంలో ఆ ముక్క విడిగా రాయండి: నొప్పి వస్తే దిటవు కోసం చూడకుండా 108కి ఫోన్ చేయాలి.

ప్రశ్న అడిగినవారు: తప్పకుండా రాస్తాను. చివరగా ఒకటి. రక్తం తిరిగొచ్చినా కొన్ని గంటలో, రోజులో కండ సరిగ్గా ముడుచుకోని స్థితి, స్టన్నింగ్. ‘స్తంభించడం’ అనొచ్చా?

జవాబు: స్తంభించడమంటే గుండె ఆగిపోయిందనుకుంటారు. కండ బతికే ఉంది, మెల్లగా తేరుకుంటుంది. ‘సొమ్మసిల్లడం’ అనండి.