సైకాలజీ మేజర్ అనుకుంటున్నా: మొదటి సెమిస్టర్లో స్టాటిస్టిక్స్ తీసుకోవాలా, బయాలజీ తీసుకోవాలా?

ఇంటర్ ఎంపీసీ చేసి, ఈ ఆగస్టులో అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో బ్యాచిలర్స్ మొదలుపెడుతున్నాను, ఎఫ్-1 వీసా మీద. సైకాలజీ మేజర్ ఇంకా డిక్లేర్ చేయలేదు కానీ దాదాపు అదే.

ఇప్పటికి ఇంట్రో సైకాలజీ (ఆన్‌లైన్ సెక్షన్‌లోనే సీటు దొరికింది), ఇంగ్లీష్ కాంపోజిషన్, సోషియాలజీ, తలా 3 క్రెడిట్లు, మొత్తం 9 అయ్యాయి. ఫుల్‌టైమ్‌కి కనీసం 12 కావాలి కాబట్టి ఇంకొకటి తప్పనిసరి. మిగిలింది 3 క్రెడిట్ల స్టాటిస్టిక్స్, లేదా ల్యాబ్‌తో 4 క్రెడిట్ల బయాలజీ.

రెండూ కలిపి పెట్టి చూశాను, సోమవారం ల్యాబ్ 1:00 నుంచి 3:50, స్టాటిస్టిక్స్ క్లాసు 2:00కి, సిస్టమ్ ఒప్పుకోలేదు. స్టాటిస్టిక్స్ ఆన్‌లైన్ సెక్షన్ ఖాళీగానే ఉంది కానీ ఎఫ్-1 వాళ్లకి ఆ 12లో ఒక్క ఆన్‌లైన్ క్లాసే లెక్కలోకి వస్తుంది, అది ఇంట్రోకి అయిపోయింది. అడ్వైజర్‌కి రెండుసార్లు మెయిల్ పెడితే "రెండూ అవసరమే, నీ ఇష్టం" అని ఒక్క లైను. నా ఇష్టం తెలిస్తే మెయిల్ ఎందుకు పెడతాను!

మా డిగ్రీ ప్లాన్‌లో రెండో ఏడాది రీసెర్చ్ మెథడ్స్‌కి స్టాటిస్టిక్స్ ముందే అయిపోవాలి, బయలాజికల్ సైకాలజీకి బయాలజీ అయిపోవాలి. లెక్కలంటే నాకు భయం లేదు, బయాలజీ పుస్తకం మాత్రం టెన్త్ తర్వాత తెరవలేదు, అదే టెన్షన్. శుక్రవారం లోపు తేల్చుకోవాలి.

అక్కడ సైకాలజీ చదివినవాళ్లు చెప్పండి, నాలాంటి ఎంపీసీ వాళ్లు మొదటి సెమిస్టర్లో ఈ రెండిట్లో ఏది ముందు తీసుకుంటే మంచిది?