ఫుల్ ఆటోమేషన్ వచ్చాక ల్యాబ్ టెక్నీషియన్ ఏం నేర్చుకోవాలి? మీ అనుభవాలు చెప్పండి

ఖమ్మం_ల్యాబ్
నమస్తే. డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) చేసి ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. మొన్నటిదాకా సెమీ ఆటో (సగం పని చేత్తో చేసే) మెషిన్ మీద పైపెట్ పట్టుకుని షుగర్, యూరియా, క్రియాటినిన్ చేసేవాళ్లం. ఇప్పుడు ఫుల్లీ ఆటో అనలైజర్, రక్తకణాలు లెక్కపెట్టే ఫైవ్ పార్ట్ సెల్ కౌంటర్, బార్‌కోడ్ వచ్చాయి. రిజల్టులు నేరుగా కంప్యూటర్‌లోకి వెళ్లిపోతున్నాయి. ట్యూబులు ర్యాక్‌లో పెట్టడం తప్ప నాకు పనే లేదనిపిస్తోంది. బీఎస్సీ చేయాలా, గల్ఫ్ చూసుకోవాలా, ఇంకేమైనా నేర్చుకోవాలా? నిజంగా టెన్షన్‌గా ఉంది.

విజయవాడ_హెమటాలజీ
తమ్ముడూ, కంగారు పడకు. మా దగ్గర డెంగీ సీజన్‌లో జరిగింది చెప్తాను. ఒకావిడకి ప్లేట్‌లెట్లు 18 వేలని మెషిన్ చూపించింది. పక్కన క్లంప్స్ ఫ్లాగ్ (కణాలు అతుక్కున్నాయేమో అనే హెచ్చరిక) కూడా ఇచ్చింది. బంధువులు అప్పటికే డోనర్ల కోసం ఫోన్లు చేస్తున్నారు. చూస్తే ఆవిడ ఒంటి మీద ఒక్క ఎర్ర మచ్చ లేదు, చిగుళ్ల నుంచి రక్తం లేదు. స్లైడ్ వేసి లీష్మన్ స్టెయిన్ (కణాలు కనిపించేలా రంగు) చేసి చూశాం. స్మియర్ చివర పల్చటి అంచులో ప్లేట్‌లెట్లు గుంపులు గుంపులుగా అతుక్కుని ఉన్నాయి. కొందరి ప్లేట్‌లెట్లు పర్పుల్ ట్యూబ్‌లోని ఈడీటీఏతో (రక్తం గడ్డకట్టకుండా వేసే మందు) ఇలా అతుక్కుపోతాయి. సెల్ కౌంటర్ సన్నటి రంధ్రంలోంచి ఒక్కో కణాన్ని పంపి, సైజు చూసి లెక్కపెడుతుంది. పది ప్లేట్‌లెట్లు కలిసి ఒక ముద్దైతే దానికి అది ప్లేట్‌లెట్ కాదు, ఒక్కోసారి తెల్లకణం కింద కూడా కలిపేస్తుంది.

సిట్రేట్ ఉండే బ్లూ ట్యూబ్‌లో మళ్లీ తీసి వెంటనే రన్ చేస్తే 1,50,000 వచ్చింది. సిట్రేట్ ద్రవం కలుస్తుంది కాబట్టి 1.1తో గుణించాలి, అంటే 1,65,000. ఆవిడకి ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సిన అవసరమే లేదు. దీనికి ఉల్టా కూడా జరుగుతుంది. ఐరన్ బాగా తక్కువై ఎర్రకణాలు మరీ చిన్నవిగా ఉన్నా, ముక్కలైపోయినా మెషిన్ వాటిని ప్లేట్‌లెట్లుగా లెక్కేసి కౌంట్ ఎక్కువ చూపిస్తుంది. అది ఇంకా ప్రమాదం, ఎందుకంటే రిపోర్టు నార్మల్‌గా కనిపిస్తుంది. నన్నడిగితే మైక్రోస్కోప్ వదలకు.

క్వాలిటీ_హైదరాబాద్
నేను కూడా డిప్లొమాతోనే మొదలుపెట్టాను, ఇప్పుడు ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకి గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో క్వాలిటీ పని చూస్తున్నాను. నన్ను ఇక్కడికి తెచ్చింది కంట్రోల్ చార్టు. చాలా ల్యాబుల్లో పొద్దున కంట్రోల్ (విలువ ముందే తెలిసిన శాంపిల్) వేస్తారు, ఫెయిలైతే పాసయ్యేదాకా మళ్లీ మళ్లీ వేస్తారు. ఇది చూస్తే నాకు ఇప్పటికీ బాధేస్తుంది. రోజూ వచ్చిన కంట్రోల్ విలువలు గుర్తించే లెవీ జెన్నింగ్స్ చార్టు మీద పది రోజుల చుక్కలు చూడు. మెల్లగా ఒకే వైపు జారుతుంటే ల్యాంప్ పాతబడిందో, రీజెంట్ పాడవుతోందో అయ్యుంటుంది. ఒక్క రోజులో దబ్బున పైకి లేచిందంటే కొత్త లాటో, కాలిబ్రేషనో చూడాలి. వెస్ట్‌గార్డ్ అనే శాస్త్రవేత్త 1981లో ఇచ్చిన రూల్స్ ఇప్పటికీ అదే పని చేస్తున్నాయి: ఒక్క కంట్రోల్ సగటు నుంచి 3 ఎస్‌డీ (స్టాండర్డ్ డీవియేషన్) దాటినా, వరుసగా రెండు ఒకే వైపు 2 ఎస్‌డీ దాటినా రిపోర్టులు ఆపాలి. వెల్లూరు సీఎంసీ ఈక్వాస్ (బయటి నుంచి ల్యాబ్ నాణ్యత పరీక్షించే) శాంపిల్స్ మీ ల్యాబ్‌కి వస్తుంటే ఆ రిపోర్టు అడిగి తీసుకుని చదువు. మెడికల్ ల్యాబుల ప్రమాణం ఐఎస్‌ఓ 15189, 2022 వెర్షన్ మీద ఇంటర్నల్ ఆడిట్ ట్రైనింగ్ చేస్తే జీతంలో తేడా కనిపిస్తుంది.

వరంగల్_లెక్చరర్
మెషిన్‌లోకి వెళ్లకముందు జరిగేది కూడా మర్చిపోవద్దు. నడుచుకుంటూ వచ్చిన పేషెంటుకి పొటాషియం 9, కాల్షియం 4 వస్తే (అవి ప్రాణానికే ముప్పున్న విలువలు) ఏమనుకుంటావు? మా పిల్లల్ని మొదటి క్లాసులోనే అడుగుతాను. రెడ్ ట్యూబ్‌లో రక్తం చాలక ఎవరో పర్పుల్ ట్యూబ్‌లోంచి కాస్త పోశారన్నమాట. ఈడీటీఏలో పొటాషియం ఉంటుంది, ఈడీటీఏ కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కూడా పడిపోతుంది. ఏ అనలైజరూ ఈ కథ చెప్పదు.

ప్రభుత్వ ఉచిత పరీక్షల పథకం తెలంగాణ డయాగ్నస్టిక్స్ 2018లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో మొదలయ్యాక పీహెచ్‌సీల నుంచి శాంపిల్స్ హబ్‌కి ప్రయాణం చేయడం మామూలైపోయింది. సీరం వేరు చేయకుండా ఉంచిన రక్తంలో షుగర్ గంటకి 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. అందుకే ఆ తగ్గుదలని అడ్డుకునే ఫ్లోరైడ్ ఉన్న గ్రే ట్యూబ్. దారిలో ఎంతసేపు ఉంది, ఎంత వేడిలో ఉంది అని అడిగే టెక్నీషియన్ కావాలి మనకి.

దుబాయ్_ఎంఎల్‌టీ
గల్ఫ్ గురించి అడిగావు కాబట్టి. డేటాఫ్లో (సర్టిఫికెట్ల) వెరిఫికేషన్, ప్రోమెట్రిక్ (లైసెన్సు) పరీక్ష రెండూ దాటాలి. డేటాఫ్లో వాళ్లు నీ కాలేజీకి, నువ్వు పనిచేసిన ల్యాబ్‌కి నేరుగా రాసి అడుగుతారు. ఆ ల్యాబ్ మూసేసి ఉంటే అక్కడే ఆగిపోతుంది, కాబట్టి ఎక్స్‌పీరియన్స్ లెటర్లు మానేసే రోజే తీసుకో. పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఆపకు. బీఎస్సీ ఉంటే హోదా వేరు, వీలైతే చేసెయ్. ఇంటర్వ్యూలో నన్ను మెషిన్ పేర్లు అడగలేదు. కంట్రోల్ ఫెయిలైతే ఏం చేస్తావని అడిగారు.

పాడేరు_పీహెచ్‌సీ
పెద్ద ల్యాబులే లోకం కాదండీ. మా ఏజెన్సీలో సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా మారే జబ్బు) చూడాలంటే ముందు సాల్యుబిలిటీ టెస్ట్, పాజిటివ్ వస్తే హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకాలని విడదీసి చూపే టెస్ట్). ఆ గ్రాఫులో ఏ, ఎస్, ఎఫ్ పీకులు చూసి క్యారియరా, జబ్బు ఉన్నవాళ్లా అన్నది అర్థం చేసుకోవడం నేర్చుకున్నాను. గోవాలో తయారయ్యే ట్రూనాట్ అనే చిన్న టెస్టింగ్ మెషిన్ బ్యాటరీ మీద నడుస్తుంది, కరెంటు పోయినా టీబీ టెస్ట్ ఆగదు. కోవిడ్‌లో ఆర్‌టీపీసీఆర్ నేర్చుకున్నవాళ్లు ఆ పట్టు వదలకండి, మాలిక్యులర్ (డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ చూసే) టెస్టులకి మంచి డిమాండ్ ఉంది. అయినా జ్వరాల కాలంలో మలేరియా స్లైడ్ మాత్రం నేను చూడాల్సిందే. దోమలో మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ 1897లో చూసింది మన సికింద్రాబాద్‌లోనే కదా.

ఖమ్మం_ల్యాబ్
అందరికీ థాంక్స్. అక్కా, మా ల్యాబ్‌లో ఫ్లాగ్ వచ్చిన శాంపిల్స్‌కి స్లైడ్ వేయట్లేదు, టైమ్ లేదంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

విజయవాడ_హెమటాలజీ
అన్నిటికీ వద్దు. ప్లేట్‌లెట్లు లక్షలోపు, బ్లాస్ట్ ఫ్లాగ్ (అపరిపక్వ కణాలున్నాయేమో అనే హెచ్చరిక), నిన్నటికీ ఇవాళ్టికీ కౌంట్‌లో పెద్ద తేడా, ఈ మూడింటికీ వేయి. మెషిన్ ప్రింటు వెనక నువ్వు చూసింది రాసి పెథాలజిస్ట్ మేడంకి చూపించు. ఆవిడ ఏమన్నారో ఇక్కడ పెట్టు, స్లైడ్ ఫోటో తీయగలిగితే పేషెంట్ పేరు లేకుండా అది కూడా పెట్టు.