బీడు మేతకు పోయే దున్న దూడలకు వేసవిలో చెక్క ఎంత పెట్టాలె?

ప్రశ్న (నాగర్‌కర్నూల్ రైతు):
అన్నలారా, పది దున్న దూడలున్నయ్, ఏడాదిన్నర వయసువి. పొద్దున బీడుకు తోలితే మాపటికి ఇంటికొస్తయ్. సంక్రాంతి దాకా నున్నగనే ఉండె. ఇప్పుడు బీడంతా ఎండిపోయింది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు, కడుపు మాత్రం నిండే కనబడ్తది. రాత్రికి వడ్లగడ్డి వేస్తే సగం వదిలేస్తున్నయ్. తౌడు పెట్టమని ఒకరు, పల్లి చెక్క (నూనె తీసినంక మిగిలే పిప్పి) అని ఒకరు, కుడితిల ఇంత యూరియా కలుపు సాలు అని ఇంకొకరు. దసరాకు అమ్ముదామనుకుంటున్న. ఏది, ఎంత పెట్టాలె?

జవాబు (పశువైద్యుడు, గుంటూరు జిల్లా):
ముందు ఆ యూరియా సంగతి. కుడితిలో కలపొద్దు. ఒక్క గుక్కలో లోపలికి పోయి పొట్టలో అమ్మోనియాగా మారుతుంది. దూడ మూలుగుతుంది, వణుకుతుంది, పొట్ట ఉబ్బుతుంది, నోట నురగ వస్తుంది. గంటల్లోనే చచ్చిపోవచ్చు. అలాంటిది ఎప్పుడైనా కనబడితే ఆలస్యం చేయకుండా పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి.

ఇక కడుపు నిండినా చిక్కిపోవడం గురించి. ఎండిన బీడు గడ్డిలో, వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి 3, 4 పాళ్లే. గడ్డిని పులియబెట్టి అరిగించేది పొట్టలోని సూక్ష్మజీవులు. మేతలో కనీసం 7 పాళ్లు లేకపోతే అవి సరిగా పనిచేయవు. పొద్దున తిన్నది రాత్రికీ అరగదు కాబట్టి కొత్త గడ్డికి చోటుండదు. మీ దూడలు గడ్డి వదిలేసేది రుచి లేక కాదు.

పేడ చూడండి. గట్టిగా, పొరలు పొరలుగా పడి, విరిస్తే నలగని పీచు కనబడుతుంటే మాంసకృత్తులు చాలడం లేదన్నమాట.

తవుడులో 12 పాళ్లకు అటూ ఇటూ ఉంటాయి. చెక్కకు తోడుగా మంచిదే, దానొక్కదానితో లోటు తీరదు. నూకలు, జొన్నపిండి ఎక్కువగా పెడితే ఎండుగడ్డి అరగడం ఇంకా తగ్గుతుంది.

రైతు:
పెండ మీరు చెప్పినట్టే ఉంది సార్. లెక్క ఎట్ల?

పశువైద్యుడు:
ముందు బరువు తెలియాలి. ముంగాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం మొన నుంచి పిరుదు ఎముక దాకా పొడవు అంగుళాల్లో కొలవండి. చుట్టుకొలతను చుట్టుకొలతతో, వచ్చినదాన్ని పొడవుతో గుణించి 660తో భాగిస్తే కిలోలొస్తాయి. చుట్టుకొలత 54, పొడవు 45 ఉంటే సుమారు 200 కిలోలు.

200 కిలోల దూడ రోజుకు దాదాపు 4 కిలోల ఎండుమేత తింటుంది. అందులో మాంసకృత్తులు 140 గ్రాములు. కావలసింది 300 దాకా. ఆ లోటుకు 400 గ్రాముల వేరుశనగ చెక్క సరిపోతుంది, ఎందుకంటే అందులో నూటికి 40 పాళ్లుంటాయి. పొట్టుతో ఆడిన పత్తి గింజల చెక్కయితే 22 పాళ్లే కాబట్టి 800 గ్రాములు కావాలి. లవణ మిశ్రమం కూడా పెట్టండి. దీంతో దూడ నిలదొక్కుకుంటుంది, మేత ఎక్కువ తింటుంది. కండ బాగా పట్టాలంటే అమ్మే ముందు రెండు మూడు నెలలు దాణా పెంచాల్సిందే.

జవాబు (పాడి రైతు, ప్రొద్దుటూరు):
బస్తా ధర చూసి కొనొద్దు అన్నా, మాంసకృత్తుల ధర చూడు. మాటకు పల్లి చెక్క కిలో 50 రూపాయలనుకో, కిలో మాంసకృత్తులు 125కు పడినట్టు. పత్తి చెక్క 35 అనుకుంటే 159 అవుతుంది. చవకనుకున్నదే ప్రియం. పల్లి చెక్క మాత్రం విరిచి వాసన చూడు. ముక్క వాసనొచ్చినా, లోపల పచ్చగా బూజు కనిపించినా వద్దు. ఆ బూజు విషం కాలేయానికి పడుతుంది.

రైతు:
రోజూ పదింటికి పెట్టాలంటే మనిషి దొరకడు. దినం విడిచి దినం పెడితే నడుస్తదా?

పశువైద్యుడు:
నడుస్తుంది. రెండు రోజులది కలిపి ఒకేసారి, అంటే వేరుశనగ చెక్కయితే 800 గ్రాములు పెట్టొచ్చు. చెక్క వరకే ఈ వెసులుబాటు, యూరియా ఉన్న దేనికీ వద్దు. అన్నీ ఒకేసారి నిలబడేంత పొడవు తొట్టి ఉండాలి. లేకపోతే బలమైన రెండు దూడలే మేసేస్తాయి, బక్కవి చూస్తూ నిలబడతాయి.

జవాబు (పశుపోషణ విద్యార్థి, హైదరాబాద్):
మన ఒంగోలు జాతి బ్రెజిల్‌కు వెళ్లి నెలోర్ అయింది కదా. అక్కడా ఎండాకాలం ఇదే బాధ. ఉప్పు, లవణాలు, చెక్క, యూరియా కలిపిన పొడిని మేత భూముల్లోనే తొట్లలో పెడతారు. ఉప్పదనం వల్ల ఏ పశువూ ఒకేసారి ఎక్కువ నాకదు. మన దగ్గర ఆ పని యూరియా మొలాసిస్ ఇటుక (యూరియా, చెరకు మడ్డి కలిపి గట్టిగా చేసిన దిమ్మ) చేస్తుంది. నాకనివ్వాలి, నీళ్లలో కరిగించి తాగించకూడదు.

గడ్డివాము ఉంటే ఇంకో దారి. 100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియాను 60 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, పొరపొరకూ చల్లి తొక్కించి, గాలి చొరబడకుండా టార్పాలిన్ కప్పి 3 వారాలు వదిలేయండి. గడ్డి మెత్తబడి మాంసకృత్తులు రెట్టింపవుతాయి. తీశాక ఘాటు పోయేదాకా గంటసేపు ఆరబెట్టి, మొదట కొంచెంగా అలవాటు చేయండి.

జవాబు (గొర్రెలు, బర్రెల పెంపకందారు, వనపర్తి):
తమ్మీ, చెరువు శిఖంల (నీళ్లు తగ్గినంక బయటపడే చెరువు నేలల) మేస్తున్నయా? అయితే ముందు కార్జపు జలగల (కాలేయంల చేరే పురుగుల) మందు తాపియ్. దవడ కింద నీరు దిగి సంచిలెక్క వేలాడితే అవి ఉండొచ్చు. అవి లోపలుంటే చెక్క ఎంత పెట్టినా నీ పైసలు వాటికే.

రైతు:
రెండింటికి దవడ కింద ఉబ్బినట్టుంది అన్నా. రేపే పెండ పరీక్షకు తీస్కపోత. చెక్క ఎప్పటిదాంక పెట్టాలె?

పశువైద్యుడు:
ఆ రెండింటినీ కూడా డాక్టరుకు చూపించండి, మందు మోతాదు బరువును బట్టి ఆయనే చెబుతారు. చెక్క మాత్రం వానలు పడి పచ్చిక మూతికి అందేదాకా పెట్టండి. తర్వాత వారం రోజుల్లో తగ్గిస్తూ ఆపేయండి. లేత పచ్చికలో కావలసినన్ని మాంసకృత్తులుంటాయి. మిగిలిన చెక్కను చెమ్మ తగలకుండా చెక్క పలకల మీద ఎత్తిపెట్టండి, అమ్మే ముందు దాణాకు పనికొస్తుంది.