జనవరిలో కినొసాకి: అమ్మకి తిండి, స్నానం ఎలా?

ప్రశ్న (గుణుపురం)
జనవరిలో జపాన్ వెళ్తున్నాం. ఒసాకా నుంచి వేడినీటి స్నానాల ఊరు కినొసాకి వెళ్లి రెండు రాత్రులు రియోకాన్‌లో, అంటే జపాను పాతకాలపు సత్రంలో, ఉందామనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, అమ్మ. అమ్మ చేప, గుడ్డు ముట్టదు. బీపీ మాత్ర వేసుకుంటుంది. వేడినీటి గుండం అంటే మాకు తెలిసింది తప్తపాణి ఒక్కటే. పదిమందిలో బట్టల్లేకుండా దిగాలంటే ససేమిరా అంటోంది. ముందే ఏం మాట్లాడుకోవాలి?

జవాబు (బరంపురం)
ముందు తిండి తేల్చుకోండి. జనవరి అక్కడ పీతల కాలం, రాత్రి భోజనంలో సగం పీతే. ‘వెజిటేరియన్’ అని రాస్తే సరిపోదు. కూరగాయలే వడ్డిస్తారు గాని వాటిని ఉడికించేది దాషిలో. అంటే ఎండు కట్సువో చేప తురుము మరిగించిన నీళ్లు. మిసో అనే సోయా ముద్దతో చేసే సూప్‌లోనూ సాధారణంగా అదే. ‘చేప దాషి వద్దు, కొంబు అనే సముద్రపు నాచు దాషి అయితే సరే’ అని బుకింగ్‌లోనే రాసి, ఒప్పుకుంటూ జవాబొచ్చాకే డబ్బు కట్టండి. కుదరదంటే భోజనం లేని గది అడగండి, దాన్ని సుదొమారి అంటారు. వేడినీళ్లు పోస్తే అయ్యే ఉప్మా, అటుకులు పెట్టెలో పెట్టుకోండి. భోజనం ఆరు, ఏడు మధ్య పెట్టేస్తారు, మీకోసం వంటవాళ్లు ఆగరు.

జవాబు (పర్లాకిమిడి)
తమ్ముడూ, అమ్మగారికి కషికిరి బుక్ చెయ్యి. తలుపు గడియ పెట్టుకుని ఇంటివాళ్లే వాడుకునే చిన్న తొట్టి అది. కొన్ని రియోకాన్లలోనే ఉంటుంది, ముందే అడగాలి. రియోకాన్ బయట ఊళ్లో అందరికీ కలిపి కొన్ని స్నానశాలలున్నాయి, రియోకాన్‌లో దిగినవాళ్లకి పాసు ఉచితం. ఒక్కోదానికి వారంలో ఒక సెలవు, చూసుకుని వెళ్లండి. ఆడా మగా వేర్వేరు, ఈత బట్టలు ఒప్పుకోరు.
ముందు పీట మీద కూర్చుని సబ్బుతో ఒళ్లు రుద్దుకుని, నురుగు పోయేదాకా కడుక్కోవాలి. తర్వాత పాదాల నుంచి పైకి చెంబుతో నీళ్లు పోసుకుని మెల్లగా దిగాలి. నీళ్లు దాదాపు 42 డిగ్రీలు. మొదటిసారి అయిదు నిమిషాలు చాలు. తువ్వాలు నీళ్లలో ముంచకూడదు. చలి గదిలో బట్టలు విప్పితే బీపీ పెరుగుతుంది, వేడిలోకి దిగాక పడిపోతుంది. చటుక్కున లేస్తే కళ్లు తిరిగేది అందుకే. తిన్న వెంటనే, సాకె అనే బియ్యపు సారా తాగాక దిగొద్దు. అమ్మగారి డాక్టరుని ఒకమాట అడుగు.

జవాబు (బరంపురం)
మెట్టెలు, వెండి పట్టీలు తీసెయ్యాలని చాలామంది భయపెడతారు. కినొసాకిది ఉప్పునీరు, తప్తపాణిలా గంధకం వాసన రాదు. కుసాత్సు అనే మరో వేడినీటి ఊరు వెళితే మాత్రం తీసెయ్యాల్సిందే: అది గంధకంతో కూడిన ఆమ్లపు నీరు, వెండి నల్లబడుతుంది. పసుపుతాడు మాత్రం ఎక్కడైనా చిక్కే, రంగు నీళ్లలోకి దిగుతుంది. గొలుసులోకి మార్చుకుని రమ్మనండి.

ప్రశ్న (గుణుపురం)
రియోకాన్‌లో ఇచ్చే యుకతా, అదే ఒంటికి చుట్టి కట్టుకునే నూలు అంగీ, ఏ పక్క పైకి మడవాలండీ?

జవాబు (పర్లాకిమిడి)
ఎడమ పక్కది పైన. కుడిది పైకొస్తే శవానికి కట్టినట్టు. పైట వేసుకునే పక్కే పైన అని అమ్మగారికి చెప్పు, మర్చిపోరు. మంచులో గెటాలనే చెక్క చెప్పులు జారతాయి, రియోకాన్‌లో రబ్బరు బూట్లు అడుగు.