సమస్య: ‘చెప్పనట్టి మాట చెప్పె నంత’

నిర్వాహకులు:
పాత ట్రంకుపెట్టె సర్దుతుంటే ఒక శుభలేఖ కవరు దొరికింది. లోపలి కాగితాన్ని చెదలు పూర్తిగా తినేశాయి. కవరు నాలుగు మూలలా పసుపు మాత్రం మిగిలింది. ఎవరి పెళ్లో తెలియలేదు, పెళ్లని మాత్రం తెలిసింది. ఆ క్షణంలో తట్టిన పాదం ఇది. ఇదే చివరి పాదంగా ఆటవెలది పద్యం రాసి పూరించండి.

గోదావరి గట్టు:
ఊరు చేరినంత నొకసారి మోగించి
ఫోను నాపె కొడుకు; పొంగె తల్లి;
పైస యొకటి పోక, పలుకొక్కటనకుండ
చెప్పనట్టి మాట చెప్పె నంత!

మల్లెపందిరి:
‘పైస యొకటి పోక’ దగ్గర ఆగిపోయాను. మా ఇంట్లో ఒకసారి మోగితే చేరినట్టు, రెండుసార్లు మోగితే తిరిగి ఫోను చేయమని. మా అమ్మ ఆ ఒక్క మోత వినేదాకా అన్నం ముట్టేది కాదు.

తాళపత్రం:
ధార బాగుంది. అయితే ఆ మోతకు అర్థం ఇచ్చింది తల్లీకొడుకుల ముందస్తు ఒప్పందం. అది పద్యంలో లేదు. గట్టు గారి పోయిన నెల పూరణలోనూ ఇదే లోపం. ‘తంతి వచ్చె ననిన తల్లడిల్లెను వీధి’ అన్న ఎత్తుగడ ఇప్పటికీ నా నోట్లో ఆడుతోంది. తీరా విప్పితే అది పెళ్లి శుభాకాంక్షల తంతి (టెలిగ్రాం). మరి వీధి ఎందుకు తల్లడిల్లినట్టు?

గోదావరి గట్టు:
చావు కబురుకే తంతి వచ్చే ఊళ్లో కారణం విడిగా చెప్పాలా తాళపత్రం గారూ? విప్పకముందే ఏడుపు మొదలయ్యేది. ఇక ఒప్పందం మాట. 2013 జూలైలో ఆపేసిన ఆ తంతి సేవలో శుభాకాంక్షల వాక్యాలకు అంకెలు ఉండేవి. తీగ మీద అంకె మాత్రమే వెళ్లేది. అటువైపు ఉద్యోగి పట్టిక చూసి వాక్యమంతా రాసి ఇచ్చేవాడు. పట్టిక రెండు వైపులా ఉంటే చాలు, దాన్ని తంతిలో రాయనక్కరలేదు. నా పద్యంలోనూ అంతే. మీ పూరణ ఏదీ?

తాళపత్రం:
ఉత్తరమున నొక్క యూసు చెరిగిపోయె
కంటి చెమ్మ సోకి, కలగి మగడు
వెడలె నింటి దారి వెలది తలపోసి;
చెప్పనట్టి మాట చెప్పె నంత!

మల్లెపందిరి:
చెరిగిన మాటే కబురు కావడం! ఆ మాట చెరగకుండా ఉంటే అతను ఇంత తొందరగా బయలుదేరేవాడు కాదు.

గోదావరి గట్టు:
మెలిక గొప్పది, ఒప్పుకుంటాను. కానీ మూడో పాదం చూడండి. ఆటవెలది బేసి పాదంలో చివరి రెండు గణాలూ ఇంద్రగణాలు కావాలి. నాలుగో గణం ‘వెలదిత’ నలం, ఇంద్రగణమే, సరే. అయిదోది ‘లపోసి’. ఇంద్రగణం ఉండవలసిన చోట జగణం (లఘువు, గురువు, లఘువు)! ‘వెలది’ తరువాత ఒక అక్షరం జారింది. ‘వెలదిని తలపోసి’ అయి ఉండాలి.

తాళపత్రం:
జారిన మాట నిజమే, టైపు చేయడంలో పోయింది. కానీ నేను రాసింది ‘వెలదినే తలపోసి’. నగం, తరువాత సలం, రెండూ ఇంద్రగణాలే. అతనికి దారి పొడవునా ఇంకో ధ్యాస లేదు. ‘ని’ పెడితే ఆ మనిషి మామూలు ప్రయాణికుడైపోతాడు.

నిర్వాహకులు:
ఈ చర్చ నాకు పండగ. తాళపత్ర ప్రతులను పరిష్కరించేవారు చేసేదీ ఇదే. లేఖకుడు వదిలేసిన అక్షరాన్ని గణమో యతో ప్రాసో పట్టిస్తుంది. కవి అదనంగా మోసిన నియమాలే పద్యానికి కాపలా. వచనంలో ‘వెలది తలపోసి’ అని ఉంటే, విభక్తి ప్రత్యయాన్ని వదిలేశారనుకుని అందరం దాటిపోయేవాళ్లం. కానీ ఛందస్సు ఖాళీని చూపింది గాని, అందులో ‘ని’ ఉందో ‘నే’ ఉందో చెప్పలేదు, రెండూ నప్పాయి. సమాచార సిద్ధాంతానికి పునాది వేసిన 1948 నాటి వ్యాసంలో క్లాడ్ షానన్ గీసిన గీత ఇదే: రాగల సందేశాల్లో ఏది వచ్చిందన్నదే ఇంజనీరు లెక్క, దాని అర్థంతో ఆ లెక్కకు పని లేదు. ‘ని’, ‘నే’ సమానంగా సాధ్యమైతే తేల్చడానికి ఒక్క బిట్టు, అంటే అవును-కాదు అనే ఒక్క జవాబు చాలు. ఆ ఒక్క బిట్టులో ఆ మగడి మనసంతా ఉంది.

గోదావరి గట్టు:
నా ‘ని’ వెనక్కి తీసుకుంటున్నాను. రాత్రంతా ఆ అక్షరమే వెంటాడింది. తాళపత్రం గారికే ఈ పూరణ:

జారినట్టి చోటు జాడ ఛందము చూపె;
‘నే’యొ ‘ని’యొ తెలియక నేను తడయ,
వెలది మీది వలపె విడమర్చె నేత్వము;
చెప్పనట్టి మాట చెప్పె నంత!

మల్లెపందిరి:
ఏత్వం మీద ఇంత అందమైన పాదం ఈ మధ్య చదవలేదు.

తాళపత్రం:
‘విడమర్చె నేత్వము’ దగ్గర చేతులెత్తి నమస్కరిస్తున్నాను గట్టు గారూ. నా మూడో పాదం సరిచేశాను: ‘వెడలె నింటి దారి వెలదినే తలపోసి’. తంతి పద్యం మీద నా అభిప్రాయం మాత్రం మారలేదు.