మైక్రోరేడియన్లలో ధ్రువణ భ్రమణం: వస్తున్న సిగ్నల్ నిజమేనా?

తలకోణం:
టీజీజీ (టెర్బియం గాలియం గార్నెట్) స్ఫటికంలో ఫారడే భ్రమణం, అంటే అయస్కాంత క్షేత్రం వల్ల వెలుగు ధ్రువణం (తరంగం ఊగే దిశ) తిరగడం, కొలుస్తున్నాను. స్ఫటికం పొడవు 1 సెం.మీ., ఏసీతో నడిచే కాయిల్ క్షేత్రం గరిష్ఠంగా 0.1 మిల్లీటెస్లా, హీలియం-నియాన్ లేజర్. 633 నానోమీటర్ల దగ్గర వెర్డే స్థిరాంకం (ఇంత క్షేత్రానికి, ఇంత పొడవుకు ఎంత తిరుగుతుందో చెప్పే సంఖ్య) టెస్లాకు, మీటరుకు దాదాపు 134 రేడియన్లు. అంటే నాకు రావలసింది 134 మైక్రోరేడియన్లు, డిగ్రీలో వందో వంతు కూడా కాదు. ఒకే దిశలో ఊగే వెలుగును వదిలే పోలరైజర్లను ఒకదానికొకటి లంబంగా పెట్టి, ఆ చీకట్లో ఒకే పౌనఃపున్యపు సిగ్నల్‌ను ఏరి చూపే లాక్-ఇన్ యాంప్లిఫయర్‌తో వారం రోజులుగా వెతుకుతున్నాను. ఏమీ కనబడడం లేదు.

పట్టకం_పిచ్చి:
అక్కడ దొరకదండీ. పూర్తి చీకటి దగ్గర వెలుగు కోణపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మీ 134 మైక్రోరేడియన్లను వర్గం చేస్తే ఐదున్నర కోట్లలో ఒక వంతు! మంచి గ్లాన్-థామ్సన్ పోలరైజర్ పట్టకాల జత నుంచి కూడా లక్షలో ఒక వంతు వెలుగు కారుతూనే ఉంటుంది. పైగా ఆ పిసరంత సిగ్నలూ కాయిల్ పౌనఃపున్యానికి రెట్టింపు దగ్గర వస్తుంది. ఎనలైజర్‌ను, అంటే రెండో పోలరైజర్‌ను, 45 డిగ్రీలకు తిప్పండి, కోణంతో వెలుగు మారే వాలు అక్కడే ఎక్కువ.

చీకటిగది:
45 డిగ్రీలకు తిప్పగానే లేజర్ ఒడిదుడుకులన్నీ నెత్తినెక్కుతాయి. వెలుగును కొలిచే ఒక్క డయోడ్‌తో కుదరదు. ఎనలైజర్ తీసేసి వెలుగును రెండు లంబ ధ్రువణాలుగా చీల్చే వోలాస్టన్ పట్టకం, దాని ముందు ధ్రువణాన్ని తిప్పే హాఫ్ వేవ్ ప్లేటు పెట్టండి. చీలిన రెండు పుంజాలూ సమానమయ్యేదాకా ప్లేటు తిప్పండి. రెండు డయోడ్ల తేడాను మొత్తంతో భాగిస్తే కోణానికి రెట్టింపు వస్తుంది, ఉమ్మడి రొద చాలావరకు కొట్టుకుపోతుంది. 1 మిల్లీవాట్ వెలుగుతో ఒక సెకను కొలిస్తే ఫోటాన్ల లెక్క విధించే హద్దు సుమారు 9 నానోరేడియన్లు. అంతదాకా నేనెన్నడూ వెళ్లలేదు, అది వేరే సంగతి.

ఇంకొకటి, మీ లేజర్ ధ్రువితమేనా? ధ్రువణం లేని రకంలో పక్కపక్క మోడ్‌లు (లేజర్ ఒకేసారి వదిలే వేర్వేరు పౌనఃపున్యాలు) పరస్పరం లంబంగా ధ్రువితమై ఉంటాయి. ట్యూబు వేడెక్కుతున్నంతసేపూ పోలరైజర్ తర్వాత వెలుగు ఊగుతూనే ఉంటుంది. దీని మీద నేను రెండు నెలలు తగలేశాను.

తలకోణం:
ధ్రువితమే. మీరు చెప్పినట్టే అమర్చాను. ఈసారి 105 మైక్రోరేడియన్లు వచ్చింది! కాకపోతే పుంజానికి నల్ల అట్ట అడ్డం పెట్టినా తేడా వోల్టేజి సున్నా కావడం లేదు.

కాంతిపుంజం:
వెలుగు లేకుండా వచ్చేది భ్రమణం కాదు, కాయిల్ నుంచి తీగల్లోకి దూరిన ప్రేరణ. హాఫ్ వేవ్ ప్లేటును సరిగ్గా 45 డిగ్రీలు తిప్పి మళ్లీ కొలవండి. ధ్రువణం 90 డిగ్రీలు తిరిగి పుంజాలు డయోడ్లను మార్చుకుంటాయి. అసలు సిగ్నల్ గుర్తు మారుతుంది, దొంగ సిగ్నల్ మారదు. ఇలాంటి దొంగలకు పెద్దవాళ్లు కూడా చిక్కారు. ఇటలీలోని పీవీఎల్ఏఎస్ బృందం అయస్కాంత క్షేత్రంలోని శూన్యం ధ్రువణాన్ని తిప్పుతోందని 2006లో ప్రకటించింది. పరికరాన్ని మెరుగుపరచి మళ్లీ చూస్తే, 2007కల్లా ఆ సిగ్నల్ లేదు.

తలకోణం:
తిప్పాను. ఒకవైపు 105, ఇంకోవైపు మైనస్ 83. తేడాలో సగం 94, కూడితే సగం 11. ఆ 11 దొంగదన్నమాట. మరి 94 ఎందుకు? ముప్పై శాతం తక్కువ.

చీకటిగది:
కాయిల్ ప్రవాహం దేంతో చూశారు?

తలకోణం:
ఆసిలోస్కోప్‌తో, శిఖరం నుంచి. ...అయ్యో. లాక్-ఇన్ చూపేది ఆర్ఎంఎస్ విలువ (శిఖరాన్ని రెండు వర్గమూలంతో భాగిస్తే వచ్చేది) కదా! 94ను రెండు వర్గమూలంతో గుణిస్తే 133.

పట్టకం_పిచ్చి:
ఆ పొరపాటు చేయనివాళ్లు ఈ పని చేయనివాళ్లే. స్ఫటికాన్ని పట్టిన మరను కూడా కాస్త వదులు చేసి చూడండి. గట్టిగా బిగిస్తే ఒత్తిడికి ద్వివక్రీభవనం (ధ్రువణ దిశను బట్టి వెలుగు వేగం మారడం) పుట్టి, సున్నా గంటగంటకూ జారుతుంది.

తలకోణం:
మర వదులు చేశాను, జారడం తగ్గింది. డయోడ్ తీగలు కాయిల్ పక్కనుంచే వెళ్తున్నాయి. బల్ల అవతలి అంచుకు మళ్లిస్తే 11 కాస్తా 3కు దిగింది. ఆ మిగిలిన 3 కోసం ఇప్పుడు డయోడ్ పెట్టె మూత విప్పుతున్నాను.