అప్‌డేట్: పల్చటి పెంకు గుడ్ల సమస్య తీరింది

తాడిపత్రి దగ్గర మా చిన్న ఆర్గానిక్ కోళ్ల ఫారంలో, ఎండలు ముదిరాక గుడ్ల పెంకు పల్చబడి ట్రేలోనే పగిలిపోతున్నాయని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా, ఇప్పుడు సెట్ అయింది. అందరికీ థాంక్స్. పశువుల డాక్టర్ చూసి జబ్బేమీ లేదు, ఎండదెబ్బే అన్నారు: కోడి నోరు తెరిచి రొప్పితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి పెంకు సరిగా కట్టదు, పైగా మేత కూడా తక్కువ తింటుంది. బాగా పనిచేసింది మాత్రం ఒక అక్క చెప్పిన మాటే, కాల్షియం కోసం ఆల్చిప్పల ముక్కలు సాయంత్రం వేరే గిన్నెలో పెట్టమన్నది. పెంకు ఎక్కువగా రాత్రే తయారవుతుంది, గుడ్లు పెట్టే కోడికి రోజుకు సుమారు 4 గ్రాముల కాల్షియం కావాలి. మేత చల్లపూట వేస్తున్నాం, నీళ్ల తొట్లు నీడలోకి మార్చాం. టానిక్‌లు, జాతి మార్చడం అవసరమే పడలేదు. కాల్షియం వస్తుందని బండల పాలిష్ పొడి (రాతి బండలు నున్నగా చేసేటప్పుడు రాలే పొడి) మాత్రం దయచేసి వేయకండి, డాక్టర్ గట్టిగా వద్దన్నారు.